ఐదు స్టార్ల బండి, కొత్త సీటు కవర్లు

గురువారం, పడుకునే ముందు.

పిడుగురాళ్ల రోడ్డులో లారీల మధ్య పిల్లతో తిరగాలి కదా, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు వచ్చిన బండే కొనాలని మా ఆయనతో రెండు నెలలు పోట్లాడాను. ఇవాళ కొన్నాడు. ఇంటికి తెచ్చేముందే కొత్త సీటు కవర్లు వేయించాడు. వెనక సీట్లో పాపకు బెల్టు పెట్టబోతే క్లిప్పు దూర్చే చోటే కనపడలేదు. అది కొత్త కవరు కింద మూసుకుపోయింది.

"ఇదేందయ్యా, బెల్టు ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

"వెనకాల బెల్టేందే? ఐదు స్టార్ల బండేగా, నువ్వే చెప్పావుగా!"

ఒళ్లు మండిపోయింది. ఆ స్టార్ల సంగతి చెవిలో పోరింది నేనే మరి.

ఇందాక కత్తెరతో ఆ కవరు కోసి వచ్చాను. పొద్దున్నే చూసి కేకలేస్తాడు. వేయనీ. బెల్టు పెట్టుకుని వేయమంటాను.