అబద్ధం కింద నా సంతకం

సోమవారం
ఒట్టు. ఈ విషజ్వరాల గొడవ సద్దుమణిగేదాకా ఆరోగ్యం పేరుతో వచ్చే ఏ మెసేజూ ఎవరికీ పంపను. చుట్టాల గ్రూపులో పొద్దుటి నుంచి వైద్యశాస్త్రం పొంగి పొర్లుతోంది. ఎందుకు పంపుతారు వీళ్లు? బుర్రలు అద్దెకిచ్చేశారు గనక. పత్రికకు ఇదే వ్యాసం. పేరు కూడా కుదిరింది: ‘వేలికి మెదడుండదు.’

మంగళవారం
ఒట్టు చెక్కుచెదరలేదు. వేలు మాత్రం దురద పెడుతోంది.
పై వీధిలో ఒంటరిగా ఉండే అక్కకు జ్వరమట. బట్టలు కుట్టే మనిషి, ఒంట్లో బాగాలేకపోయినా మిషను దిగదు. మా ఆవిడ వెళ్లి మాత్రలిచ్చి వచ్చింది. నేను వ్యాసంలో ఉన్నాను.

బుధవారం, ఉదయం
కొత్త కూత: జ్వరంలో నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయట! ఒళ్లు మండింది. ఊరుకుంటే నేరంలో నాకూ వాటా ఉన్నట్టే. పంపడం వేరు, ఖండించడం వేరు. మెసేజు మొత్తం పైన పెట్టి, కింద రెండు పేజీలంత చీల్చి చెండాడాను. ఆధారాలతో సహా. అన్ని గ్రూపుల్లోనూ వేశాను. ఇది ఒట్టు తప్పడం కాదు, విస్తరించడం.

సాయంత్రం
పోస్టుమాస్టరుగా రిటైరైన బాబాయి దండాలు పెట్టాడు. ‘మంచి మాట చెప్పావురా, అందరికీ పంపాను’ అని రాశాడు. ఏది మంచి మాటో అడగలేదు.

గురువారం
అక్క కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చాం. ఒంట్లో నీరు లేదని డాక్టరమ్మ తేల్చింది. నిన్నటి నుంచి గుక్కెడు కూడా ముట్టలేదట.
సెలైన్ సీసా పక్కన కూర్చుని అడిగాను, కింద నేను రాసింది చదవలేదా అని.
“కళ్లు మండుతుంటే అంత భారతం ఎక్కడ చదవను? నువ్వు పంపావు, చాలదూ?”
“అబద్ధమని చెప్పడానికే పంపానక్కా.”
“నీళ్లు తాగక్కా అని ఫోన్లో ఒక్క ముక్క అంటే పోయేదిగా.”
“వ్యాసం అయ్యాక అందామనుకున్నారేమోలే వదినా” అంది మా ఆవిడ, దుప్పటి సర్దుతూ.

శుక్రవారం
వ్యాసం మొదటి పేరా కొట్టేశాను. బుర్రలు అద్దెకివ్వడం కాదు. బాబాయి పంపింది తనవాళ్లకేమవుతుందోనన్న భయంతో. అక్క నమ్మింది మెసేజును కాదు, నన్ను. మరి నేను పంపింది? వాదనలో గెలవడానికి. ఈ మాట కూడా రాశాను. తర్వాత తీసేశాను. స్థలం చాలలేదు.

శనివారం
అక్క లేచి కూర్చుంది. మంచం మీద నుంచే నాకో మెసేజు తోసింది: సెలైన్ ఎక్కినవాళ్లు గుడ్డు తింటే గుండె ఆగుతుందట. కింద తన మాట: ‘పక్క మంచం ఆవిడ పంపింది. నువ్వు చెప్పేదాకా తినను.’
ఫోను చేశాను. “తిను” అన్నాను. నమిలే చప్పుడు వినపడేదాకా ఫోను పెట్టలేదు.
పద్ధతంటే ఇదీ.
కాకపోతే ఈ గుడ్డు సంగతి మా కాలనీ సంఘం గ్రూపులో ఇంకా ఎవరికీ చేరలేదు. ముందే హెచ్చరించకపోతే ఎలా? ఈసారి ఖండన పైన, మెసేజు కింద. పంపేశాను. చుట్టాలకు కూడా.
బాబాయి దండాలు పెట్టాడు.
రేపటి నుంచి ఒట్టు.