క్లాసంతా చూస్తుండగానే

జూలై 14, సోమవారం

మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయికి,

మీకు సైకాలజీ చెప్పిన ప్రొఫెసరు గారి తల్లి దీవెనలు. నువ్వూ మీ ఇంట్లోవాళ్ళూ బాగున్నారని తలుస్తాను. మేం బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. నేను పెద్దగా చదువుకోలేదమ్మా. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మొన్న సాయంత్రం మా గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది నువ్వే కదా? కిటికీలోంచి చూశాను. పిలుద్దామని లేచేసరికి మలుపు తిరిగిపోయావు. మీ లైబ్రేరియన్ గారిని అడిగితే నువ్వెవరో చెప్పారు. నువ్వు కాలేజీ మానేశావనీ, అన్నం ముట్టడం లేదనీ, "సార్‌ని నేనే చంపాను" అంటున్నావనీ కూడా ఆయనే చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

నాకింకా బుర్ర పనిచేయడం లేదు. ఆ రోజు వాడు మామూలుగానే లేచాడు. కూతురి బూట్లకు పాలిష్ పెట్టాడు. పెళ్ళాం కళ్ళజోడు దాచి, ఎక్కడెక్కడ వెతుకుతుందో చూస్తూ టీ తాగాడు. "మీ పరీక్షలేవో మీ పిల్లల మీద చేసుకోండి, నా బస్సు పోతుంది" అని కోడలు కసిరింది. నవ్వి, అద్దాలు తుడిచి, తనే ఆమె కళ్ళకు పెట్టాడు. నాకు "వస్తానమ్మా" అని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నానికి లైబ్రేరియన్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. "ఎవరి గురించండీ చెబుతున్నారు?" అని అడిగానట. నాకు గుర్తులేదు. ఆయనే తర్వాత చెప్పారు.

జరిగిందంతా తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. వాడి పాఠం సంగతి నాకు తెలుసు. ఏటా కొత్త పిల్లలు రాగానే లైబ్రేరియన్ గారు క్లాసులోకి దూసుకొచ్చి, వాడితో పోట్లాడి, గొడుగు లాక్కుని పారిపోవాలి. పిల్లలు హడలిపోయాక వీడు తాపీగా, "కాగితాలు తియ్యండి, ఏం చూశారో రాయండి" అంటాడు. ఒకరు అది కర్రంటారు, ఒకరు కత్తంటారు. ఇంటికొచ్చి పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాడు. "మనిషి కళ్ళతో చూడడమ్మా, ముందే అనుకున్నదాంతో చూస్తాడు" అనేవాడు. "ఇది చెప్పడానికి నీకు జీతమెందుకురా, మన పక్కింటావిడ రోజూ ఊరికే చెబుతుంది" అనేదాన్ని.

ఆ గొడుగు నాటకం మీకు అంతకు ముందు వారమే అయిందట. అందుకే వాడు బోర్డు దగ్గర గుండె పట్టుకుని కూలబడితే మీరంతా ఇది రెండోదనుకున్నారు. వెనకెవరో "ఈసారి సారే హీరో" అన్నారట. చప్పట్లు కూడా కొట్టారట. ఒకబ్బాయి లేవబోతే నువ్వు చెయ్యి పట్టి లాగి, "కూర్చో, పరీక్ష చెడగొట్టకు" అన్నావట. క్లాసు క్లాసంతా రాయడం మొదలుపెట్టింది. ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటా అని లైబ్రేరియన్ గారు తొంగి చూసేదాకా ఎవరూ కదల్లేదట.

విన్నప్పుడు వీళ్ళు మనుషులేనా అని మిమ్మల్నందర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. మనవరాలు నా పక్కనే కూర్చుని ఉంది. "నాన్న అలా పడిపోతే ముందు నేనూ నవ్వేదాన్ని నానమ్మా" అంది. నేనూ అంతే కదా. "లేవరా, వేషాలు చాలు" అనేదాన్ని. ఇంటిల్లిపాదినీ అలాగే అలవాటు చేశాడు వాడు.

డాక్టరు గారు చెప్పారు తల్లీ, అంతా రెప్పపాటులో అయిపోయిందట. మీరు పరుగులు పెట్టినా దక్కేవాడు కాదట. కాబట్టి నీ చేతిలో ఏమీ లేదు. ఆ బరువు దించుకో.

నాదొక కోరిక. కన్నదాన్ని నేను, ఆఖరి క్షణంలో వాణ్ణి చూడలేదు. కోడలూ చూడలేదు. ఎవరూ లేని చోట పోయినట్టు ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. కానీ మీరంతా చూస్తూనే ఉన్నారు. అందులోనూ నువ్వు రెప్ప వాల్చకుండా చూశావట. వాడి మొహం ఎలా ఉంది? ఎటు చూశాడు? ఏమైనా అనబోయాడా? ఇంటికి వచ్చి నాకు చెప్పు. నేను ఏడుస్తాను, అందుకు నువ్వు బెదరకు. నువ్వు తప్ప నాకు చెప్పేవాళ్ళు లేరు.

ఆ తర్వాత మళ్ళీ కాలేజీకి వెళ్ళు. ముందు బెంచీ ఖాళీగా ఉంటే పాఠం సాగదని వాడు ఎప్పుడూ అనేవాడు.

ఇట్లు,
మీ మాస్టారి అమ్మ

తా.క. కవరు అంటించే ముందు కోడలిని ఒకసారి చదవమన్నాను. చదివి, "డాక్టరు గారు అలా ఎప్పుడన్నారత్తయ్యా?" అని అడిగింది. ఎప్పుడూ అనలేదు. ఆయన చెప్పబోతుంటే నేనే లేచి బయటికి వచ్చేశాను. ఆ ముక్క కొట్టెయ్యమంది కోడలు. కొట్టేస్తే నీకు ఇంకేం చెప్పి పిలవాలో తోచక అలాగే ఉంచాను. వెంటనే తీసుకెళ్ళి ఉంటే బతికేవాడేమో. నాకు తెలియదు, ఇక అడగను కూడా. బతికేవాడే అయినా సరే, నువ్వు రా తల్లీ.