ఆ పేరు వాళ్ళు ఇక్కడ లేరు

రిచ్‌మండ్ హిల్, కెనడా,
ఆగస్టు 9, ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరట వందనాలు. నేను క్షేమంగా ఉన్నాను. ఈ ముక్క ప్రతిసారీ అలవాటుగా రాసేస్తాను గానీ, ఈసారి మాత్రం కాసేపు ఆలోచించి, నిజమేనని తేల్చుకున్నాకే రాస్తున్నాను. నాన్నకి మోకాలి నొప్పి తగ్గిందనీ, తమ్ముడు కాలేబు పరీక్షలు బాగా రాశాడనీ, మీ హాస్టల్లో పిల్లలు నీ పప్పుచారు మీద ఇంకా పేర్లు పెడుతున్నారనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. రెండు వందల మందికి వండే మనిషివి, ఇద్దరు ముగ్గురు పేర్లు పెడితే ఏమైందిలే.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు రాస్తున్నానని అనుకోకు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. నేను దగ్గితే హాస్టల్ వంటగదిలో అందరూ మందు చెబుతారు. ఇవాళ రాసేది ముందు నువ్వొక్కదానివే చదవాలి. ఆ తర్వాత ఎవరికి చదివి వినిపిస్తావో నీ ఇష్టం. నిజానికి అందరికీ వినిపించినా నాకిప్పుడు అభ్యంతరం లేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అన్నం తింటున్నాను. ఫోటోలో చిక్కినట్టు కనబడింది చలికోటు తీసేసినందుకు, అంతే. జుట్టు కత్తిరించాను, తిట్టకు. చర్చికి వెళ్తున్నావా అని అడిగావు, పార్సెల్ చేరిందా అని మూడో ఉత్తరంలో కూడా అడిగావు. ఆ రెండిటికీ జవాబు ఒకటే. చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతా ఉత్తరం చదవవు.

'ఆ మ్యూజియంలో నీకేం పని, దుమ్ము దులపడమా' అన్నావు. దుమ్ము కూడా దులుపుతాను. శని, ఆదివారాలు రెండు బస్సులు మారి వెళ్తాను. చిన్న చెక్క ఇల్లు అది, ఒకప్పుడు నల్లవాళ్ళ చర్చి. అమెరికాలో బానిసలుగా ఉన్నవాళ్ళు నూట డెబ్భై ఏళ్ళ కిందట సరిహద్దు దాటి ఇటు పారిపోయి వచ్చి కట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని చూసుకునేది ఆర్డెల్ గారని డెబ్భై దాటిన పెద్దావిడ. ఆవిడ ముత్తాత తండ్రి అలా వచ్చినవాడే. సంకెళ్ళూ కొరడాలూ చూపించడం ఆవిడకి ఇష్టముండదు. వచ్చినవాళ్ళు అయ్యో అనేసి ఫోటో తీసుకుని పోతారట. ఆవిడ పద్ధతి వేరు. గోడకి అమెరికా పటం ఉంటుంది, రాష్ట్రాల చోట ఖాళీలు. బల్ల మీద చెక్క ముక్కలు, ఒక్కో రాష్ట్రానికి ఒకటి. ప్రతి ముక్కకీ ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు. ఎరుపంటే అక్కడ మనుషుల్ని కొని అమ్మొచ్చు. తెలుపంటే కూడదు. చూడ్డానికొచ్చినవాళ్ళే ముక్క తీసుకుని, ఏ రంగు పైకి ఉండాలో తేల్చి, చెప్పి పెట్టాలి.

అమెరికా మొదట తూర్పు ఒడ్డున చిన్న దేశమేనమ్మా. తర్వాత పడమటికి జరుగుతూ పోయింది. కొంత నేల కొన్నారు, కొంత యుద్ధం చేసి లాక్కున్నారు, అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్ళని తరిమేశారు. కొత్త నేల కలిసినప్పుడల్లా ఒకటే తగువు. ఇక్కడ బానిసలుండొచ్చా, కూడదా? ఒకటి ఇటు ఇస్తే ఒకటి అటు ఇచ్చి సర్దుకుంటూ వచ్చారు. కాలిఫోర్నియాని తెలుపు చేసినప్పుడు రెండోవైపు వాళ్ళు ఊరుకోలేదు. దానికి బదులుగా, పారిపోయిన బానిస తెల్ల రంగు రాష్ట్రంలో దాక్కున్నా సరే పట్టి అప్పగించాలని చట్టం రాయించుకున్నారు. ఆ దెబ్బతో అమెరికాలో ఎక్కడా నిలువ నీడ లేక చాలామంది ఈ దేశం వచ్చి పడ్డారు. తర్వాత కాన్సాస్ అనే చోట, అక్కడికెళ్ళి స్థిరపడ్డవాళ్ళే ఓటేసి తేల్చుకోండని వదిలేశారు. రెండువైపులవాళ్ళూ తుపాకులతో దిగారు. ఏడేళ్ళు తిరక్కుండా దేశమంతా యుద్ధమే. అందరి చేతులూ పడి ఆ కాన్సాస్ ముక్క అంచులు అరిగిపోయాయి.

ఇక ఇంటి సంగతి. మేముండేది అమరేశ్వరరావు అంకుల్ గారింటి బేస్‌మెంట్‌లో అని తెలుసుగా, నేనూ తేజశ్రీ. పైన ఆయనా ఆంటీ ఉంటారు. మంచివాళ్ళు కారని అనను. జనవరిలో నాకు జ్వరమొస్తే మంచులో కారు తీసి క్లినిక్‌కి తీసుకెళ్ళింది ఆయనే. ఆదివారం ఆదివారం సాంబారు కిందికి వస్తుంది. కానీ గది చూడ్డానికి వెళ్ళిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న నా ఇంటిపేరు. రెండోది, మీ ఊళ్ళో ఏ వీధి అని. మన ఇంటిపేరు వాళ్ళ కులంలోనూ ఉంది. కాగితాల మీద నా పేరు మధుమిత. కుల సర్టిఫికెట్ కోసం నాన్న బళ్ళో ఆ పేరు ఎందుకు రాయించాడో నాకు తెలుసు, ఆయన మీద కోపం లేదు. కాగితాల్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు మనవాళ్ళలో చాలామందికి ఉన్నదే. అంకుల్ తనంతట తనే లెక్క కట్టేసుకుని, 'మనవాళ్ళేగా, సామాను తెచ్చుకో' అన్నారు. నేను నవ్వాను.

ఎవరేమడిగినా నవ్వి ఊరుకోమని నువ్వు ప్రతి ఉత్తరంలో రాస్తావు. ఊరుకున్నానమ్మా, పదకొండు నెలలు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి. చర్చికి వెళ్తే తెలిసిపోతుందని ఆదివారం పొద్దున్నే పని పెట్టించుకున్నాను. పాట కూనిరాగం తీయడం కూడా బస్సులోనే.

జూన్‌లో ఒకరోజు మ్యూజియంలో కిటికీలు తుడుస్తూ, చూసుకోకుండా అమ్మమ్మ పాట ఎత్తుకున్నాను. ఆర్డెల్ గారు చేస్తున్న పని ఆపేశారు. "ఆ రాగం మా చర్చిలో పాడతాం. నీకెలా వచ్చు?" అన్నారు. మా అమ్మమ్మ నేర్పిందన్నాను. మీ దేశం నుంచి వచ్చిన దొరసానులు మా సామర్లకోట వైపు తెచ్చిన రాగమే అయ్యుంటుందన్నాను. నోరు ఊరుకోక, ఇంట్లో నన్ను జెస్లిన్ అంటారని కూడా చెప్పేశాను. మరి బ్యాడ్జీ మీద ఇంకో పేరెందుకుందని ఆవిడ అడగలేదు. మధ్యాహ్నం అన్నం తింటూ తన ముత్తాత తండ్రి సంగతి చెప్పారు. ఆయన మిస్సోరి నుంచి వస్తూ దారిలో పేరు మార్చుకున్నాడట, పట్టుకునేవాళ్ళ జాబితాలో అసలు పేరు ఉంటుందని. ఇక్కడికొచ్చాక, యుద్ధమైపోయాక, బానిసత్వమే పోయాక కూడా ఆ అసలు పేరు పెళ్ళానికి కూడా చెప్పలేదట.

"సమాధి మీద ఉన్నది ఆయన భయపడి పెట్టుకున్న పేరు. నా పేరు చివర ఉన్నదీ అదే. అసలుది ఏమిటో మాకెవరికీ తెలీదు," అని డబ్బా మూత పెట్టేసుకుని లేచారు. ఆవిడ నాకేమీ బోధించలేదు. నాకే ఆ తర్వాత అన్నం సహించలేదు.

మొన్న ఆగస్టు ఒకటిన, బానిసత్వం రద్దయిన రోజని ఇక్కడ జరుపుతారు, అంకుల్ తెలుగువాళ్ళని ఓ పాతికమందిని పిల్లాపాపలతో తీసుకొచ్చారు. మా అమ్మాయి పనిచేసే చోటని అందరికీ గర్వంగా చెప్పుకున్నారు కూడా. పటం దగ్గర కాన్సాస్ ముక్క ఆయన చేతికే వచ్చింది. ఏ రంగు అంకుల్ అని అడిగాను.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా మధూ, అక్కడికి పోయినవాళ్ళ ఇష్టం. కొత్త చోటికి పోయినంత మాత్రాన మన పద్ధతులు వదిలేసుకుంటామా? మనం మన పిల్లలకి కూచిపూడి నేర్పించట్లా?" అన్నారు. అందరూ నవ్వారు.

"పద్ధతి ఒక్కటే తీసుకుపోలేదంకుల్. ఆ పద్ధతి కింద నలిగే మనుషుల్ని కూడా బండెక్కించుకుని పోయారు," అన్నాను.

"అదంతా అమెరికా గోలమ్మా. అందుకేగా వీళ్ళంతా కెనడా వచ్చేసింది. ఇక్కడ ఎవరు చూస్తారు అవన్నీ? మన తెలుగువాళ్ళనే చూడు, ఇక్కడ కులం అనే మాటే ఎత్తం."

ఆ తర్వాత నేను చెప్పాల్సింది నాకు నోటికి వచ్చు. పారిపోయి వచ్చినవాళ్ళని ఈ దేశం లోపలికి రానిచ్చింది గానీ, చాలా ఊళ్ళలో వాళ్ళ పిల్లల్ని తెల్లపిల్లల పక్కన కూర్చోనివ్వలేదు, వేరే బళ్ళు పెట్టింది, ఈ రాష్ట్రంలో అలాంటి బడి ఆఖరిది మూతపడింది పంతొమ్మిది వందల అరవై ఐదులో. అది చెప్పాల్సిన చోట నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"మీరు ఎత్తారంకుల్. గది చూడ్డానికి వచ్చినప్పుడు ముందు ఇంటిపేరు అడిగారు. తర్వాత వీధి అడిగారు. మీరు అనుకున్నవాళ్ళం కాదు మేము. మాది మాలపల్లె. క్రైస్తవులం. మా అమ్మ నన్ను పిలిచే పేరు జెస్లిన్."

తేజశ్రీ నేల చూసింది. ముందు వరసలో ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం, "సో, విచ్ కలర్?" అని అడిగింది. దానికి జవాబు చెప్పకుండానే అంకుల్ కారు దగ్గరికి వెళ్ళిపోయారు, ఆయన వెనక మిగతావాళ్ళు. అంతా అయ్యాక ఆర్డెల్ గారు ముక్కలు సర్దుతూ, "కాన్సాస్ లేదు. మీ పెద్దమనిషి జేబులో పెట్టుకుపోయినట్టున్నాడు. రేపు అడిగి తీసుకురా," అన్నారు.

ఇప్పుడు నీ పార్సెల్ సంగతి.

చేరిందమ్మా. ఏప్రిల్లో, ఈస్టర్‌కి నాలుగు రోజుల ముందు. ఉత్తరాల మీద కాలేబు నా కాగితాల పేరు రాస్తాడు గానీ, దాని మీద ఇంగ్లీషు అడ్రసు పైన నువ్వే తెలుగులో జెస్లిన్ అని రాశావు. నీకు నేను జెస్లిన్‌నే కదా, ఇంకేం రాస్తావు. అంకుల్ ఒక చేత్తో సాంబారు గిన్నె, ఒక చేత్తో పార్సెల్ పట్టుకుని కిందికి వచ్చి, "ఎవరమ్మా ఈ జెస్లిన్? మనింటి అడ్రసే వేశారు," అన్నారు. నీ చేతిరాత. జ మీద నువ్వు పెట్టే ఆ మెలిక. నేను చూసి, "ఏమో అంకుల్, ఆ పేరు వాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు," అన్నాను. గిన్నె అందుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

నన్నెవరూ కట్టేసి అడగలేదు. పట్టుకుపోయేవాళ్ళెవరూ తలుపు దగ్గర లేరు. ఆర్డెల్ గారి ముత్తాత తండ్రికి ప్రాణభయం ఉంది. నాకున్నది గది పోతుందనే భయం. దానికే నువ్వూ నేనూ లేమని చెప్పేశాను. అమ్మమ్మ పాటల పుస్తకం అందులో ఉందని ఆ తర్వాతి వారం నీ ఉత్తరంలో చదివాను. ఆ రోజు నుంచి నువ్వు పార్సెల్ మాట ఎత్తితే మాట మార్చాను. నన్ను క్షమించు. ఇన్ని మాటల్లో ఇదొక్కటే నేను నీ దగ్గర తల వంచుకుని రాస్తున్నది.

మ్యూజియం నుంచి వచ్చిన సాయంత్రమే అంకుల్ కిందికి దిగారు. కాన్సాస్ ముక్క బల్ల మీద పెట్టి, "పొరపాటున వచ్చేసింది" అన్నారు. మెట్ల వైపు తిరిగి, "సెప్టెంబర్‌లో మీ ఆంటీ చెల్లెలి పిల్లలు వస్తున్నారమ్మా. నువ్వు వేరే చోటు చూసుకోవాలి," అన్నారు.

"రాసివ్వండంకుల్. నోటీసుకి ఇక్కడ ప్రభుత్వ ఫారం ఉంది. అందులో కారణం కూడా రాయాలి. అసలు కారణం రాయండి," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నీకు జ్వరమొస్తే కూతురిలా చూశానే," అన్నారు.

"చూశారు. మర్చిపోను. ఆ రోజు కూడా నేను జెస్లిన్‌నే అంకుల్. ఇంకోటి, ఏప్రిల్లో ఒక పార్సెల్ వచ్చింది చూడండి. అది నాది. మా అమ్మ పంపింది."

తిరిగి పంపించేశారేమో, పారేశారేమో అనుకున్నాను. "గరాజ్‌లో ఉంది. తిరిగి పంపిద్దామని పెట్టి మర్చిపోయా," అన్నారు. ఆయన వెనకే వెళ్ళి నేనే తీసుకున్నాను.

నీ పాత నేతచీర ముక్కలో చుట్టావు. మొదటి పేజీలో అమ్మమ్మ రాత. నలభై ఏళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకున్న మనిషి, ఒక్కో అక్షరం ఇంతేసి. 'ఎల్లమ్మ రూతు, మాలపల్లె, సామర్లకోట' అని రాసుకుంది. పాత పేరు, బాప్తిస్మం పేరు, పేట, ఏదీ దాచలేదు. మీ అమ్మే కదా. నీకీ భయం ఎక్కడ పట్టుకుంది? నన్ను కాపాడుకోవడానికే నేర్పావని తెలుసు. నాకిక అది వద్దమ్మా.

ముక్క మర్నాడే ఆర్డెల్ గారికి ఇచ్చేశాను. ఇవాళ పొద్దున సెలవడిగి చర్చికి వెళ్ళాను, అమ్మమ్మ పుస్తకంతోనే. తేజశ్రీ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "ఏయ్, వంకాయ కూర మిగిలింది, వేసుకుంటావా?" అంది. పేరు పెట్టి పిలవలేదు, ఏ పేరు పెట్టాలో ఇంకా తేల్చుకున్నట్టు లేదు. ఆదివారం సాంబారు ఆగిపోయింది. నోటీసు మాత్రం ఇంతవరకూ రాలేదు. వస్తే జవాబు ఎలా రాయాలో కాలేజీలో అడిగి పెట్టుకున్నాను. నా అంతట నేను ఖాళీ చేయను.

మ్యూజియంలో లేబుళ్ళు కొట్టే మిషను ఉంది. ఆర్డెల్ గారినడిగి తెచ్చుకుని, వీధి తలుపు పక్కన ఉత్తరాల డబ్బా మీద జెస్లిన్ అని అంటించాను. మర్నాటికి ఊడబెరికి ఉంది. మళ్ళీ అంటించాను. మళ్ళీ పీకేశారు. ఈ సాయంత్రం మూడోది అంటించి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. లేబుల్ చుట్ట ఇంకా చాలా ఉందమ్మా.

ఈసారి ఏం పంపినా పైన ఆ పేరే రాయి. పెద్ద అక్షరాలతో, జ మీద నీ మెలికతో. తలుపు నేనే తీస్తాను.

ఇట్లు,
ఎల్లమ్మ రూతు మనవరాలు,
నీ కూతురు,
జెస్లిన్