మెరుపక్కకి కళ్ళజోడెందుకు?

చెల్లికి,

అక్క ఆశీస్సులు. అమ్మ, మీ బావ, నేను ముగ్గురం ఇక్కడ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు క్షేమమని పేపర్లో వారానికి రెండుసార్లు ఫొటోతో సహా చదువుతూనే ఉన్నాను కాబట్టి వేరే అడగను. జుట్టు కత్తిరించుకున్నావేం? బాగానే ఉంది. ఆ మాట రాయడానికి నాకు కాస్త టైము పట్టిందనుకో, అయినా రాశాను.

నీ లావుపాటి కవరు బుధవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. అమ్మ మోకాలు ఇప్పుడు నయం. లిఫ్టు బాగుచేశారు గానీ అమ్మ దాన్ని నమ్మదు, నాలుగు అంతస్తులూ మెట్లమీదే ఎక్కి, పైకొచ్చాక నన్ను తిడుతుంది. మీ బావ గొంతుకి మందు మార్చారు, ఇప్పుడు దగ్గు లేదు, గురక మాత్రం అలాగే ఉంది. మరిదిగారు పంపిన స్వెట్టరు అమ్మకి సరిపోయింది. ఇక నువ్వు ఆఖర్న, సంతకం కింద చిన్నగా రాసి అడిగిన ప్రశ్న ఒకటుంది చూడు, దానికి జవాబు చివర్లో చెబుతాను. తొందరపెట్టకు.

నువ్వు ఊరి సంగతులు అడిగావు. సంగతులేముంటాయి, అంతా నీ సీరియలే! మా షాపులో కప్పుల మీదా, నేమ్‌ప్లేట్ల మీదా పేర్లు చెక్కుతూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను వినేది అదొక్కటే. మా యజమాని సంగతి నీకు తెలుసు కదా, మెరుపక్క బొమ్మల పుస్తకాలు మొదటి సంచికనుంచీ బైండు చేయించి అద్దాల బీరువాలో దాచుకున్న మనిషి. నీ మొదటి భాగం రోజున స్వీట్లు పంచి, టీవీ ముందు కూర్చున్నాడట. మెరుపక్కకి వెండి బూట్లు లేవని, వెనక రెపరెపలాడే గుడ్డ లేదని, పైగా పగలంతా బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చుంటుందని చూసేసరికి మర్నాడు షాపుకి ముఖం మాడ్చుకుని వచ్చాడు. "మేఘాలమీద పుట్టిన మనిషి చిల్లర లెక్కపెట్టడమేంటమ్మా! చిన్నప్పట్నుంచీ నేను చూసింది ఈవిడ్నేనా?" అని ఒకటే గోల. నాలుగో వారం ఆవిడకి కళ్ళజోడు పెట్టావు చూడు, ఆ రోజుతో ఆయనకి పిచ్చి పట్టింది. 'మెరుపక్క - ఈ ఇంట్లో అసలుది మాత్రమే' అని ఒక ఇత్తడి పలక చెక్కించుకుని వీధి తలుపుకి కొట్టించుకున్నాడు. ఆ పలక చెక్కింది నేనే. చాలా శ్రద్ధగా చెక్కాను.

బస్టాపులో అంటించిన మీ పోస్టరు మీద ఎవరో కళ్ళజోడు గీకేశారు. రెండ్రోజులకి ఇంకెవరో పెన్నుతో మళ్ళీ గీశారు. ఆ పోస్టరు కింద ఇద్దరు ఆడవాళ్ళు బస్సు వదిలేసుకుని మరీ పోట్లాడుకోవడం నేను చూశాను. "చూపు సరిగా లేనివాళ్ళు ఎగరకూడదా?" అని ఒకావిడ. "ఎగరొచ్చు, మెరుపక్క అని పేరు పెట్టుకోకూడదు" అని రెండో ఆవిడ. నేను రెండో ఆవిడ పక్కన నిలబడ్డాను.

చెల్లీ, ఉన్నమాట చెప్పేస్తాను. నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, కడుపులో కుంపటి పెట్టినట్టు ఉంది. పేపర్లో నీ ఫొటో కింద 'మెరుపక్కకి ప్రాణం పోసిన రచయిత్రి' అని వేశారు. ప్రాణం పోసిందట! ఇరవై రెండేళ్ళు మెరుపక్క బొమ్మల కథలు వేసే ఆ పత్రికాఫీసులో వెలుతురు రాని ఆ మూల గదిలో కూర్చుని, ఆవిడ నోటివెంట వచ్చిన ప్రతి మాటా బుడగల్లో నా చేత్తో రాశాను. 'ఆగు!' అని ఆవిడ అరిచిన ప్రతిసారీ ఆ అక్షరాలకి వణుకు పెట్టింది నేను. పాఠకుల ఉత్తరాలకి 'ప్రియమైన తమ్ముడూ, బెంగపడకు' అని జవాబు రాసి, కింద 'మీ మెరుపక్క' అని సంతకం చేసింది నేను. బొమ్మలు గీసినాయన పేరు పడేది, ఎడిటరు గారి పేరు పడేది, ఆఖరికి అచ్చు వేసిన ప్రెస్సు పేరు కూడా పడేది. నా పేరు ఏనాడూ పడలేదు. అయినా నేనేం అనుకోలేదు, ఎందుకంటే మనింట్లో ఎవరి పేరూ ఎక్కడా పడలేదు. ఇప్పుడు నీ పేరు పడింది! పదకొండేళ్ళ పిల్లవి, బడి వదిలాక నా బల్ల పక్కన కూర్చుని, సిరా ఆరకుండానే పేజీ లాక్కుని చదివిన పిల్లవి, నీ పేరు పడింది.

పైగా అమ్మ. నీ సీరియల్ వచ్చే వేళకి టీవీ గొంతు పెంచి, కింది అంతస్తు వాళ్ళకి కూడా వినిపించేలా చప్పట్లు కొడుతుంది. నేను ఇరవై రెండేళ్ళు పత్రిక తెచ్చి చేతిలో పెడితే అమ్మ ఏనాడైనా చప్పట్లు కొట్టిందా? అరల్లో డబ్బాల కింద పరిచింది.

అయినా సరే, సీరియల్ మొదలయ్యేముందు నువ్వు రాసిన ముక్క పట్టుకుని ఆశపడ్డాను. 'నాలుగో భాగం తప్పకుండా చూడు అక్కా, అందులో నీకోసం ఒకటి పెట్టాను' అని రాశావు కదా. నా పేరు వేయించావనుకున్నాను. షాపుకి సెలవు పెట్టాను, మీ బావ చేత టీవీ అద్దం తుడిపించాను. చివర్న పేర్లు వస్తుంటే నిలబడి మరీ చదివాను. జుట్టు దువ్వినవాళ్ళ పేరుంది, లైట్లు మోసినవాళ్ళ పేరుంది, కుక్కని తెచ్చినాయన పేరు కూడా ఉంది. నా పేరు లేదు. తల కొట్టేసినట్టయింది. అమ్మ ఏదో చెప్పబోతుంటే వినకుండా వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

ఆ కోపంలో ఏం చేశానో ఇంక చెప్పాలి.

పత్రికలో పాఠకుల పేజీకి వారానికి ఏడు ఉత్తరాలు కావాలి, వచ్చేవి మూడో నాలుగో. మిగతావి నేను కల్పించేదాన్ని. "మనిషికి ఒక పని ఇవ్వమ్మాయ్, ఒక బాధ ఇవ్వు, వాడు నిజం మనిషైపోతాడు" అని ఎడిటరు గారు నేర్పిన విద్య అది. చేతిరాత మార్చడం నాకు నీళ్ళు తాగినంత తేలిక. నాలుగో భాగం చూసిన మర్నాడు బీరువాలోంచి పాత పాళీ తీసి, మళ్ళీ ఆ పని మొదలుపెట్టాను.

మీ ఛానల్‌కి వచ్చాయని నువ్వు మొన్నటి కవర్లో నకళ్ళు తీసి పంపిన ఆ నాలుగు ఉత్తరాలు నావే చెల్లీ. పిల్లలు 'మెరుపక్కకి చూపు పోయిందా అమ్మా' అని ఏడుస్తున్నారని రాసిన ముగ్గురు పిల్లల తల్లి నేనే. ఆ అద్దాలు అసలు పవరువే కావని కనిపెట్టిన కళ్ళ డాక్టరు నేనే. 'ఎగరబోయే ముందు ప్రతిసారీ ఆ మణికట్టుతో ముక్కు మీదకి తోసుకోవడమేమిటి, ఈగ వాలిందా?' అని వెక్కిరించిన రైలు గార్డూ నేనే. ఇక ఆమె ఎగిరే వేగానికి ఆ కళ్ళజోడు మూడో సెకనులోనే ఊడిపోవాలని లెక్కకట్టి చూపించిన ఆ రిటైరైన మాస్టారు కూడా నేనే.

మీ ఛానల్‌కి నూట నలభై ఉత్తరాలొస్తే మిగతావన్నీ తిట్లేనని పక్కన పడేశారనీ, ఈ నాలుగే మీటింగులో పైకి చదివారనీ నువ్వు రాశావు. అది చదివి, సిగ్గులేకుండా చెబుతున్నాను, ముందు పొంగిపోయాను. ఇన్నేళ్ళయినా నా చెయ్యి తప్పలేదనుకున్నాను! ఆ కింది వాక్యాలు చదివేసరికి ఆ పొంగు దిగిపోయింది. పదో భాగం నుంచి కళ్ళజోడు తీసేస్తారనీ, ఆ మణికట్టు సంగతి ఇంకెక్కడా కనిపించకూడదన్నారనీ, ఒప్పుకోకపోతే వేరే రచయితని పెట్టుకుంటామన్నారనీ, వచ్చే సోమవారం తేల్చి చెప్పాలనీ. 'ఇరవై రెండేళ్ళు అభిమానుల ఉత్తరాలు చదివినదానివి, వీళ్ళకి ఏం జవాబు చెప్పాలో నువ్వే చెప్పక్కా' అని అడిగావు.

అప్పటికి కూడా నాకు బుద్ధి రాలేదు. 'తీసేస్తే తీసెయ్యి, కళ్ళజోడేగా' అని రాద్దామని నిన్న మధ్యాహ్నం కూర్చున్నాను. పాళీ సరిగ్గా పారక వేళ్ళనిండా సిరా అయింది. అమ్మ ఎదురుగా బఠాణీలు ఒలుస్తోంది. ఒలుస్తున్నది ఆపి ఫక్కున నవ్వింది.

"అచ్చం అదే. కాస్త ఎగిరి చూపించు, చూసి పెడతాను" అంది.

"ఏంటమ్మా నీ గోల?"

"అదేనే, ఆ కళ్ళజోడు తోసుకోవడం. చేతికి సిరా ఉంటే మణికట్టుతో తోసుకుంటావు, లేకపోయినా మణికట్టుతోనే తోసుకుంటావు. టీవీలో ఆ పిల్లకి చెల్లి అదే కదా నేర్పింది."

నన్ను నేను చూసుకున్నాను. చెయ్యి ఇంకా ముక్కు దగ్గరే ఉంది.

"నీకు తెలీదా ఏంటి?" అంది అమ్మ. "మొదటిసారి చూసిన రోజే చెప్పబోయాను, వింటేగా నువ్వు! గిన్నెలమీద పడ్డావు. చప్పట్లు ఎవరికి కొడుతున్నాననుకున్నావే మొద్దూ?"

చెల్లీ, అయిదు వారాలు చూశాను. తప్పులు వెతుకుతూ, కళ్ళలో నిప్పులు పోసుకుని చూశాను. తిట్లు రాసిన నూట ముప్ఫై ఆరు మంది చూశారు, మా యజమాని చూశాడు, బస్టాపులో వాళ్ళు చూశారు. మోకాలు నొప్పితో కుర్చీలో కూర్చున్న అమ్మకి ఒక్క చూపులో దొరికింది నాకు దొరకలేదు. చివర్న వచ్చే పేర్లలో వెతికాను. నువ్వు నన్ను పేర్లలో కాదు, ఏకంగా ఆవిడలోనే పెట్టావు. నేను నలుగురు మనుషుల్ని పుట్టించి వాళ్ళచేత నన్నే వెక్కిరించాను. ముక్కు మీద ఈగట!

ఏడ్చాను. అమ్మ ఊరుకోబెట్టలేదు, బఠాణీల గిన్నె నా ముందుకి తోసి ఒలవమంది.

ఇప్పుడు పని సంగతి. ఈ కవర్లోనే మీ ఛానల్ వాళ్ళకి రాసిన ఉత్తరం ఒకటి పెట్టాను. అందులో ఆ నాలుగూ ఎవరు రాశారో, ఎందుకు రాశారో నా పేరు, చిరునామాతో ఉంది. నమ్మరేమోనని నాలుగు ఉత్తరాల్లోని మొదటి వాక్యాలూ ఆ నాలుగు చేతిరాతల్లోనే ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి మళ్ళీ రాసి చూపించాను. సిరా చేతులవాళ్ళు కళ్ళజోడు మణికట్టుతో ఎందుకు తోసుకుంటారో కూడా ఒక పేరా రాశాను. సోమవారం మీటింగులో దాన్ని పైకి చదివించు. పరువు పోతుందని నన్ను వెనకేసుకు రాకు. పేపర్లో వేస్తే వేసుకోనీ. మా యజమానికి రేపు నేనే చెబుతాను. ఆయన తలుపు మీద నేను చెక్కిన పలకలో 'అసలుది' అనే మాట గురించి కూడా ఆయనతో మాట్లాడాలి. తర్వాత ఆ ఉద్యోగంలో ఉంచుతాడో లేదో చూద్దాం.

నూట ముప్ఫై ఆరు మంది తిట్లు నిజమైనవే, వాటికి నేనేం చెయ్యలేను. వాళ్ళు పాతదాన్ని ప్రేమించారు, తిడతారు. నువ్వు మాత్రం నా నలుగురి కోసం ఆ కళ్ళజోడు తియ్యకు.

ఇంతా రాశానని నా కుళ్ళు పోయిందనుకునేవు. పోలేదు. ఇందాక మళ్ళీ నీ ఫొటో చూశాను, మళ్ళీ మండింది. నాకు పేరేం వద్దులే అని రాద్దామనుకుని పాళీ ఎత్తాను కూడా. ఎందుకొచ్చిన అబద్ధం? పేరు వెయ్యి. కుక్కని తెచ్చినాయన కంటే ముందు వెయ్యి. ఇంకో మాట, మీ సీరియల్ మొదట్లో పడే ఆ అక్షరాలు ఘోరంగా ఉన్నాయి, ఎవరు రాశారో గానీ వాటికి వణుకు లేదు, పొగరు లేదు. నన్ను అడిగితే రాసిస్తాను. అడగకపోతే మళ్ళీ ఉత్తరాలు మొదలవుతాయి.

ఇక నువ్వు సంతకం కింద చిన్నగా రాసి అడిగిన ప్రశ్న. 'అక్కా, లెక్కల మాస్టారు కులాసాయేనా?' అన్నావు. మొదట చదివినప్పుడు నీకు మతిపోయిందనుకున్నాను. మనకి తెలిసిన లెక్కల మాస్టారెవరా అని ఒక పూటంతా ఆలోచించాను. నిన్న అమ్మ నవ్వాక తట్టింది. ఉత్తరాలు తక్కువపడిన ఒక వారం నువ్వే కదే నా బల్ల పక్కన కూర్చుని ఆయన్ని పుట్టించావు! ఎడమ చెవి వినపడదు, భార్యకి మెరుపక్క అంటే గిట్టదు, ఎప్పుడూ మెరుపక్క వేగం లెక్కకట్టి తప్పని రుజువు చేస్తాడు, అన్నావు. అప్పటికే ఆయన రిటైరైపోయాడు. ఇప్పటికి నూరేళ్ళకి దగ్గరపడి ఉంటాడు. కోపంలో నేను ఆ సంగతే మర్చిపోయి, నీ మనిషినే నీ మీదకి పంపాను.

అంటే మీటింగులో ఆ ఉత్తరం చదువుతుంటేనే నీకు తెలిసిపోయింది. నా పని అని తెలిసీ, ఎవరికీ చెప్పకుండా, ఒక్క తిట్టు రాయకుండా, ఆయన కులాసా అడిగావు.

కులాసాగా లేరమ్మా. నిన్న మధ్యాహ్నం, బఠాణీలు ఒలిచే వేళకి, కాలం చేశారు. పోయే ముందు లెక్క మళ్ళీ వేసుకుని చూశారు. మణికట్టుతో గట్టిగా తోసుకుంటే ఆ కళ్ళజోడు ఊడదని తేలింది.

ఇట్లు,
కీర్తిశేషులైన మాస్టారు, ముగ్గురు పిల్లల తల్లి, కళ్ళ డాక్టరు, రైలు గార్డు, వీళ్ళందరి తరఫునా తలవంచుకుని,
నీ అక్క