కోడలి గిర్నిని కొడుక్కు రాయబోయిన నేను

నేను, గుండేటి కొమురెల్లి, తండ్రి కీ.శే. రాజయ్య, వయసు డెబ్బై మూడు, నివాసం భైంసా. పక్షవాతం నా ఎడమ కాలును పట్టుకుంది గాని బుద్ధిని ముట్టలేదు. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాయిస్తున్నాను. చిన్న కొడుకు ఓంప్రకాశ్ పోరు మాత్రం ఆర్నెల్లుగా ఉంది. దానికి లొంగలేదని చదువుకోవాలి.

1. పసుపు, కారం పట్టి పొట్లాలు కట్టే 'అనసూర్య గిర్ని'ని ఓంప్రకాశ్‌కు రాయాలని మొదట దస్తావేజు లేఖరి దగ్గరికి పోయాను. ఆయన కాగితాలన్నీ తిరగేసి, "కొమురెల్లన్నా, గిండ్ల నీదేమున్నది రాసిచ్చెటందుకు?" అన్నాడు. జీఎస్టీ నంబరు, ఆహార లైసెన్సు, మున్సిపాలిటీ లైసెన్సు, చిన్న పరిశ్రమల ఉద్యమ్ సర్టిఫికెట్, చివరికి కాంటాకు ముద్ర వేయించిన కాగితం, అన్నిటి మీదా యజమాని నా పెద్ద కోడలు వనిత.

ఆ పేరు పెట్టించింది నేనే. 2016లో పెద్ద కొడుకు అంజి రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి ఏడు జీఎస్టీ వచ్చింది. ఆడమనిషి పేర ఉంటే కొత్త యంత్రానికి రాయితీ ఎక్కువని విని, "పేరుకే బిడ్డా, సంతకం పెట్టు" అన్నాను. పెట్టింది. ఎనిమిదేళ్లుగా పొద్దున షట్టరు తీసేది ఆమె, పొట్లం మీద తేదీ చూసేది ఆమె, గల్లా దగ్గర కూర్చునేది నేను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె గిర్నిని నేను కొడుక్కు ఇవ్వబోయాను. కాబట్టి గిర్నిని ఎవరికీ రాయడం లేదు. అది వనితది.

2. గిర్ని నడిచే రేకుల షెడ్డు, దాని కింది స్థలం మాత్రం నా స్వార్జితం. ఇప్పుడు ఓంప్రకాశ్ కన్ను దీని మీద పడింది. కూలగొట్టి దుకాణాలు కట్టి కిరాయికి ఇస్తాడట. వ్యాపారం ఎక్కడ నడుస్తుందో జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో రాసి ఉంటుంది, స్థలం యజమాని ఒప్పుకోలు పత్రం కావాలి. రేపు వాడు ఆ పత్రం ఇవ్వనంటే వనిత, ఆమె యంత్రం బజారున పడతాయి. అందుకే షెడ్డునూ స్థలాన్నీ వనితకే రాస్తున్నాను. ఇది జాలి కాదు. కారణం కింద ఉంది.

3. కిందటేడు పక్షవాతం వచ్చి, కరీంనగర్‌లో కూతురు జ్యోతిరాణి ఇంట్లో ఏడు నెలలున్నాను. జీఎస్టీ రిటర్నులు వేసేటప్పుడు ఓటీపీ నా ఫోనుకే వచ్చేది, మొదట్లో నా నంబరే ఇచ్చాను గనుక. వనిత ఫోను చేసి అడిగేది. "ఓటీపీ ఎవ్వలకు చెప్పొద్దని ఫోన్లనే చెప్తున్నరు" అని పెట్టేసేవాణ్ని. నిజం ఏమిటంటే, ఆ ఆరంకెలు కూడా ఇచ్చేస్తే గిర్నికి నాతో పని ఉండదని భయపడ్డాను. ఆరు నెలల రిటర్నులు ఆగాయి. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో ఏడు పనిదినాల్లో చెప్పమని నోటీసు వచ్చింది. తప్పు నాది, నోటీసు ఆమెకు.

వనిత బస్సెక్కి కరీంనగర్ వచ్చింది. ఒక్క మాట తూలలేదు. మంచం పక్కన కూర్చుని, "మామా, గా నంబర్ చెప్పు. గిర్ని బందైతే పోయేది నీ పేరు గాదు, నా పేరు" అన్నది. అది తన పేరని ఆమె అనడం నేను వినడం అదే మొదటిసారి. అప్పటినుంచి ఓటీపీ వచ్చిన ప్రతిసారీ చెప్పాను. రిటర్నులు వేసిపెట్టే మమతారాణి దగ్గర కూర్చుని ఆగినవన్నీ వేయించింది, నోటీసుకు జవాబిచ్చింది, జీఎస్టీ నంబరును కాపాడుకుంది. ఆ రోజు ఆమెను క్షమించమని అడగలేదు. ఈ అంశంలో అడుగుతున్నాను.

4. ఓంప్రకాశ్‌కు రెండెకరాల పత్తి చేను. ఇంట్లో వాడికి, వనితకు చెరి సగం. వాడు చెడ్డవాడు కాదు, కారం ఘాటుకు తుమ్ముతూ గిర్ని నుంచి పారిపోయినవాడు. షెడ్డు కోసం వదినను పరేషాన్ చేసి కోర్టుకెక్కితే, మూడో అంశాన్ని అందరి ముందూ పెద్దగా చదివించాలి. నా పరువు గురించి ఫికర్ చేయవద్దు.

5. జ్యోతిరాణికి వాళ్ల అవ్వ, నా భార్య అనసూర్య వెండి కడియాలు. చెక్కడాల సందుల్లో ఇంకా పసుపు ఉంది. తోమించవద్దు.

6. వీలునామా అమలు చేయవలసినవాడు పక్క గోనెసంచుల దుకాణం జబ్బార్. అతని సంచులు నా గుమ్మం ముందుకు జరుగుతున్నాయని ఇరవై ఏళ్లు కొట్లాడాను. ఏడు నెలలు నేను లేనప్పుడు రోజూ వచ్చి వనితకు ఏం కావాలో అడిగింది కూడా అతనే. ఆ కొట్లాటను ఎవరికీ వారసత్వంగా ఇవ్వడం లేదు.

7. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అందరికీ కనబడేలా పెట్టాలని నియమం. గోడకు పెట్టాను, దాని మీద క్యాలెండర్ తగిలించాను. ఎనిమిదేళ్లు ఆమె పేరు, ఫోటో దాని వెనకే ఉన్నాయి. ఈ పొద్దున క్యాలెండర్ తీసేశాను. ఫోను నంబరు కూడా ఆమెదే పెట్టించాం. నా ఫోనుకు వచ్చిన ఆఖరి ఓటీపీని, ఆమె అడగకముందే చదివి వినిపించాను.

తేదీ: 14 అక్టోబర్ 2025
రాయించిన స్థలం: భైంసా, గుండేటి వనిత గారి గిర్ని, యజమానురాలి అనుమతితో.

(సంతకం) గుండేటి కొమురెల్లి

సాక్షులు:
1. జబ్బార్, గోనెసంచుల వ్యాపారి
2. మమతారాణి, రిటర్నులు వేసే పని