బిగించి వదిలిన స్ప్రింగ్

అన్నయ్యా,

మొన్న కొల్లేట్లో మన చేపల చెరువు ఆక్రమణ అని గవర్నమెంటు వాళ్ళు గట్టు ప్రొక్లెయిన్లతో కొట్టేశారు. షెడ్డు ఖాళీ చేస్తుంటే పాత లుంగీ కింద నీ జర్మనీ ఎయిర్ పిస్టల్ తుప్పు పట్టి కనబడింది. అట్టముక్క మీద గుండ్రాలు గీసుకుని గురి చూసేవాడివే, అదే.

చెరువు పోయాక అమ్ముకోడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. బాగుచేయించి వెల కట్టిద్దామని ఏలూరులో తుపాకులు బాగుచేసే ఖాదర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం మాడ్చుకున్నారు.

"ఇది బిగించే ఉందండి. గొట్టంలో గుండు కూడా ఉంది. ఇన్నేళ్ళు నొక్కి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోద్దండి. ఎవరండీ ఇలా వదిలేసింది?"

నాకు కోపం వచ్చింది. బిగించాక పేల్చకుండా కింద పెడితే చెల్లెలినని కూడా చూడకుండా తిట్టేవాడివి.

"మా అన్నయ్యండి. ఎవరిదో పడవ తిరగబడిందని కేక వినబడితే పరుగెత్తాడండి," అన్నాను.

పడవలోవాళ్ళు ఒడ్డుకు చేరారనీ, నిన్ను మాత్రం మర్నాడు గుర్రపుడెక్కలోంచి తీశారనీ చెప్పలేదు.

ఆయన పిస్టల్‌ని గోడకానించిన అట్టపెట్టె వైపు తిప్పి పేల్చారు. గుండు అట్టకు తగిలి కింద పడింది. చిల్లయినా పడలేదు.

"కొత్త స్ప్రింగూ తోలు వాషరూ వేస్తే మంచి రేటే పలుకుద్దండి," అన్నారు.

వేయమన్నాను. పాత స్ప్రింగ్ మాత్రం అడిగి తెచ్చుకున్నాను. బయటికి తీసినా అది సాగలేదన్నయ్యా. ఇంకా బిగించినట్టే ఉంది.