నిచ్చెన వైపు అక్షరం

ఫిబ్రవరి 3, వనపర్తి

ఇంకా ఒళ్ళు జల్లుమంటూనే ఉంది. అక్షరాల వర్క్‌షాప్ ఇవాళ మొదలు — పాత ఫంక్షన్ హాలు, మాసిన తెర, మధ్యలో కరెంటు పోవడం. హైదరాబాద్ నుంచి వచ్చిన సారు వందేళ్ళ కిందటి పోస్టర్లు చూపించాడు. ఒక ఎర్ర గుండ్రం. ఒక నల్ల గీత. అంతే, ఇంకేం లేదు. ఇన్నేళ్ళ నుంచి ఫ్లెక్సీల మీద నెమళ్ళు, మెరుపులు, పుట్టినరోజు నాయకుల తలకాయల చుట్టూ కిరణాలు... ఖాళీ జాగా కనిపిస్తే నింపేదాకా నిద్రపట్టని బతుకు నాది. అక్కడేమో ఖాళీయే బొమ్మ!

సారు అన్న మాట ఒకటి రాసి పెట్టుకోవాలి: "చప్పుడు మర్చిపోండి. ఆకారం చూడండి."

ఫిబ్రవరి 4

రోజంతా 'ల' చూశాను. ఇన్నాళ్ళూ చదివానే గాని చూడనే లేదు.

ఫిబ్రవరి 9, జొన్నలగట్టు

మా ఊరికి కొత్త నీళ్ళ ట్యాంకు. సర్పంచ్ నాకు వరసకు చిన్నాయన — ఆయనే ఫోన్ చేసి పిలిపించాడు. "ఊరి పేరు రాయాలె బిడ్డా. డిజైన్ల పని జేస్తవ్ గద, జర మంచిగ ఉండాలె." సరే, ఓ బోర్డు పని అనుకుంటూ వచ్చాను.

బస్సు దిగి తలెత్తాను. తెల్లగా, గుండ్రంగా, ఒక్క మచ్చ లేకుండా... ఇంత పెద్ద కాగితం నాకింకెవరిస్తారు? ఎండలో అలాగే నిలబడిపోయాను. ఎవరో పలకరిస్తే ఏం జవాబిచ్చానో గుర్తు లేదు.

ఫిబ్రవరి 11

దొరికింది!

తెలకపల్లి నుంచి వచ్చే రోడ్డు ట్యాంకు పక్కన కొడవలిలా వంగి స్టాపు దగ్గర ఆగుతుంది. ఊరి పేరు ట్యాంకు చుట్టూ రాస్తాను — ఒక్కసారే, పైఅంచు నుంచి కిందిఅంచు దాకా నిండుగా. ఒక్కో అక్షరం రెండు నిలువుల ఎత్తు. బస్సు వంపు తిరుగుతుంటే కిటికీలోంచి ఒకటి తర్వాత ఒకటి. జొ... న్న... ల... గ... ట్టు. బస్సే చదివి వినిపిస్తుంది.

చిన్నాయనకు డబ్బా మీద కాగితం చుట్టి చూపించాను. "మరి మర్లి పొయ్యే బస్సుకు?" ఉల్టా కనిపిస్తుంది అన్నాను. "పోనీ తీయ్, ఊరిడిసి పొయ్యేటోనికి మన పేరెందుకు" అని పకపకా నవ్వాడు.

అయిదు అక్షరాలు పోగా ఒక అక్షరమంత జాగా మిగులుతుంది. ఇనుప నిచ్చెన ఉన్న వైపు వదిలేస్తే సరిపోతుంది.

ఫిబ్రవరి 14

సారుకు డిజైన్ పంపాను. జవాబు వెంటనే — మార్చిలో గద్వాల ప్రదర్శనలో ఒక గోడంతా నాకే. బస్సులోంచి తీసిన వీడియో వేస్తారట. 'ఈ ఏడాది నేను చూసిన పనుల్లో ఇదే గొప్పది' అని రాశాడు. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. సిగ్గు లేదు నాకు.

ఫిబ్రవరి 17, గద్వాల

నా గోడ చూసి వచ్చాను! కిటికీ వెలుతురు సరిగ్గా దాని మీదే పడుతుంది. బయటికొస్తే చీరల కొట్టు — తెల్లటి నూలు చీర, మంకెన ఎరుపు పట్టు అంచు. నూలు ఎక్కడ ఆగిందో, పట్టు ఎక్కడ మొదలైందో వేలితో తడిమినా తెలియలేదు. కొట్టాయన: "తీసుకుంటవా, ఊకెనే సూస్తవా అమ్మా?" ఊకెనే చూశాను. ఆ ఎరుపే ట్యాంకు మీదికి.

ఫిబ్రవరి 21, జొన్నలగట్టు

పరంజా లేచింది. ఆత్మకూరు నుంచి ఖాజా భాయ్ వచ్చాడు — గోడల మీద సిమెంటు కంపెనీల పేర్లు రాసిన చెయ్యి. సుద్దతో గీతలు గీస్తున్నాం. 'ల' ముందు నిలబడితే అది 'ల' కానే కాదు. ముక్కు దగ్గర ఒక పెద్ద వంపు, దాని వెనక ఆకాశం. చప్పుడు పోయింది, ఆకారమే ఉంది. ఏడుపొచ్చింది. ఖాజా భాయ్ భయపడ్డాడు — "కండ్లు తిరుగుతున్నయా చెల్లె? దిగు దిగు."

దిగాను, నిచ్చెన వైపుకు. ఆ వైపు చర్చి, ఎస్సీ కాలనీ. పల్లికాయ పీకి వస్తున్న ఆడవాళ్ళు కింద ఆగి చూస్తున్నారు. వాళ్ళలో మరియమ్మ అడిగింది, ఎకసెక్కెం కాదు, మామూలుగానే: "అందరి దిక్కు అక్షరాలొస్తున్నయంట గద బిడ్డా. మా దిక్కు నిచ్చెనేనా?"

జాగా మిగిలిందమ్మా అన్నాను.

"ట్యాంకు కట్టంగ ఇసుక మోసినప్పుడు దాని సుట్టూత తిరిగినం" అంది. తట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 22

కోపం. ఆమె మీద కాదు. కాదేమిటి, ఆమె మీదే.

ఇన్నాళ్ళకు ఒక్క మంచి ఆలోచన వచ్చింది నాకు. ఒక్కటంటే ఒక్కటి.

ఫిబ్రవరి 23

ఖాజా భాయ్ సలహా: పేరు రెండుసార్లు రాద్దాం, ఇటొకటి అటొకటి. కాగితం మీద వేసి చూశాను. అక్షరాలు సగానికి సగం చిక్కిపోయాయి. పైనా కిందా బోసి. రేషన్ షాపు బోర్డు నయం. చింపేశాను.

సాయంత్రం కాలనీకి వెళ్ళాను. ఈ ఊళ్ళోనే పుట్టాను, ఆ అరుగుల మీద ఒక్కనాడూ కూర్చోలేదు. మరియమ్మ చాయ్ ఇచ్చింది. అక్కడి నుంచి తలెత్తితే ట్యాంకు ఇంకా పెద్దది. చర్చి మీద, రేకుల మీద, ఆరేసిన చీరల మీద — అంతా అదే. మా ఇంటి దగ్గర ఇంత లేదు. ఆ తెలుపంతటి మీదా నల్లగా నిచ్చెన.

"పొద్దుగాల లేస్తే మొకం దాని దిక్కే" అంది. అక్షరం ఊసు మళ్ళీ ఎత్తలేదు. అడిగితే బాగుండేది, కసురుకుని వచ్చేసేదాన్ని.

ఫిబ్రవరి 24

చుట్టూ మళ్ళీ తిరిగాను. దారి ఒకటే ఉంది. పేరు మొత్తాన్ని ఒక అక్షరం పక్కకు జరపాలి. అప్పుడు 'జొ' నిచ్చెన మీదికి వస్తుంది, ఖాళీ పొలాల వైపుకు పోతుంది. అక్షరాలు అంతే పెద్దగా ఉంటాయి. కానీ బస్సులో వచ్చేవాళ్ళకు 'న్న' నుంచే మొదలు. ఊరి పేరు మొదలు చూడాలంటే బస్సు దిగి కాలనీలోకి నడవాలి.

సారుకు ఫోన్ చేసి చెప్పాను. "వీడియోలో మాట పూర్తి కాదు కదండీ... ఆలోచించుకోండి. గోడ ఖాళీగా ఉంచలేం." అరచినా బాగుండు, అంత మెత్తగా అన్నాడు.

ఫిబ్రవరి 25

డబ్బా మీద కాగితాన్ని ఒక అక్షరం పక్కకు తిప్పాను, మళ్ళీ వెనక్కు తిప్పాను.

ఫిబ్రవరి 26

పొద్దున్నే పాత సుద్ద గీతలు తుడిచేశాం. ఖాజా భాయ్ తిట్లు — "నిచ్చెనెన్క బ్రష్ ఎట్ల దూరుతది చెల్లె? నీకు పిచ్చా?" తిడుతూనే దూర్చాడు. మధ్యాహ్నానికి 'జొ' నిండింది. మంకెన ఎరుపు. దాని మీద నుంచి నల్ల నిచ్చెన నిలువుగా... నేను గీసిన కాగితంలో ఆ నిచ్చెన లేదు. ఉంటే ఇంత బాగుంటుందని నాకు తోచనే లేదు. కిందికి వచ్చి అరుగు మీద కూలబడ్డాను.

మరియమ్మ కొంగు నెత్తిన కప్పుకుని చూస్తోంది. ఆమెకు చదువు రాదు.

"గిదేం అక్షరం?"

"జొ."

"జొన్నల జొ నా?"

"ఆఁ."

ఆమె వేలితో గాలిలో ఒకసారి గీసింది. తప్పు గీసింది. మళ్ళీ గీసింది. అక్షరం నుంచి కళ్ళు తిప్పడం లేదు. నేను కూడా అంతే. వర్క్‌షాప్‌లో ఆ ఎర్ర గుండ్రం చూసినప్పుడు కూడా నాకిలా కాలేదు.

చీకటి పడేలోపు చిన్నాయన ఫోన్. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! పేరుకు తలకాయ ఏది? బస్సోళ్ళు ఏమని సదవాలె? రేపు తెల్ల పెయింట్ వట్కొని వస్త. నువ్వు తుడుస్తవా, నన్ను తుడ్వమంటవా?"

వచ్చి నిచ్చెన వైపు నుంచి చూడు చిన్నాయనా అన్నాను. "నేను గా దిక్కు ఎందుకు వస్త?" పెట్టేశాడు.

ఫిబ్రవరి 27

సారు దగ్గర్నుంచి ఏమీ లేదు.

పరంజా మీద కూర్చుని రాస్తున్నాను. ఖాజా భాయ్ 'న్న' మొదలుపెట్టాడు, రంగు ఇంకా కారుతోంది. కింద మరియమ్మ, ఇంకా కాలనీ వాళ్ళు — పల్లికాయకు పోలేదు ఇవాళ, నిచ్చెన మొదట్లో కూర్చున్నారు. స్టాపు దగ్గర చిన్నాయన బండి ఆగింది. డబ్బా చేతిలో ఉంది. నిచ్చెన ఈ వైపే ఉంది కాబట్టి, పైకి ఎక్కాలంటే ఆయన కాలనీలోంచే నడిచి రావాలి.